మదురా భాషలో "తిన్నాను" అనేముందు ఎంత ఆలోచించాలో (నా పరువు పోయిన కథతో సహా)

సురబాయ_సుబ్బు
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదువుకుంటూ పోవడమే గానీ ఒక్క ముక్క రాయలేదు. ఈసారి పరువు పోయింది కాబట్టి రాస్తున్నా.

రెండేళ్ళుగా ఇండోనేసియాలో, తూర్పు జావాలోని సురబాయలో ఉద్యోగం. ఊరికి ఎదురుగా సన్నటి సముద్రపాయ, అది దాటితే మదురా దీవి. 2009లో వంతెన కట్టారు, 5.4 కిలోమీటర్లు, బండి మీద ఇట్టే దాటేస్తాం. ఆఫీసులో నా పక్క సీటతను దీవికి తూర్పు చివరున్న సుమెనెప్ వాడు. నాతో ఇండోనేసియన్ మాట్లాడతాడు, వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడేది మాత్రం మదురా. వినగా వినగా సరదా పుట్టి ఓ ఆర్నెల్లు నేర్చుకున్నా. పోయిన నెల సెలవులకి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు.

అక్కడ రెండు తప్పులు చేశా. వాళ్ళ తమ్ముడు ఏదో కొన్నాడని ఇంట్లో ఒకటే హడావుడి. అతని పేరు హసన్ అనుకోండి. "హసన్ ఏం కొన్నాడు?" అని అడుగుదామని "అప సె మెల్లె హసన్?" అన్నా. అప అంటే ఏమిటి, మెల్లె అంటే కొనడం, ఇంకేం కావాలి? అందరూ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత పిల్లలు పకపకా నవ్వడం. మిత్రుడు చెవిలో చెప్పాడు, "హసన్‌ని కొన్నదేది?" అని అడిగావురా అని.

రెండోది ఇంకా ఘోరం. వాళ్ళమ్మగారు తిన్నావా బాబూ అని అడిగారు. పెద్దవాళ్ళతో మర్యాద మాటలు వాడాలని చదివి ఉన్నాను కదా, నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా గొప్పగా వినిపించే మాట ఏరి "అంపొన్ అఢ'అర్" అన్నా, తినేశానండీ అనే ఉద్దేశంతో. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికెళ్ళిపోయారు.

ఈ రెండు తప్పులూ ఒకదానికొకటి సంబంధమేనా, వేరువేరా? మళ్ళీ వెళ్ళేలోపు తెలుసుకోవాలి.

తాటికల్లు27
మదురై అనుకొని వచ్చిన అన్నా, మీనాక్షి అమ్మవారి గుడి సంగతేమన్న ఉంటదేమో అని. సరే వచ్చిన కదా, కూసుంట.

పాత_పంతులు
సుబ్బుగారూ, రెండూ వేరువేరు తప్పులు. మొదటిది వ్యాకరణం, రెండోది మర్యాద. చివర్లో ఒక చోట కలుస్తాయి, అది తర్వాత చెప్తాను. ముందు మొదటిది.

తెలుగులో "హసన్ బండిని కొన్నాడు" అనొచ్చు, "బండిని హసన్ కొన్నాడు" అనొచ్చు. ఎటు తిప్పినా అర్థం చెడదు, ఎందుకంటే "ని" అనే విభక్తి కర్మను పట్టుకుని ఉంటుంది. పైగా క్రియ చివర "డు" ఉండి చేసినవాడు మగవాడని చెప్తుంది. మదురా భాషలో ఈ రెండూ లేవు. నామవాచకానికి విభక్తి లేదు, క్రియకు పురుష, లింగ, వచనాల గొడవ లేదు. మరి ఎవరు ఎవరిని కొన్నారో ఎలా తెలియాలి? క్రియ మొదట్లో ఉండే ముక్క చెప్తుంది. అన్నీ దాని మీదే.

ధాతువు "బెల్లి", కొనడం. చేసేవాణ్ణి వాక్యానికి ముఖ్యుణ్ణి చేస్తే "హసన్ మెల్లె మోటోర్", హసన్ బండి కొన్నాడు. కొన్న వస్తువును ముఖ్యం చేస్తే "మోటోర్ ఎబెల్లి హసన్". ఆ "ఎ-" చూడండి. అది కనిపిస్తే వాక్యంలో పెద్దపీట కర్మది, మెల్లె రూపం కనిపిస్తే పెద్దపీట కర్తది. భాషాశాస్త్రంలో దీన్నే వాచకం అంటాం, మన బళ్ళో కర్తరి, కర్మణి అని చెప్పినట్టు, కానీ అచ్చంగా అదే కాదు.

ఇక ప్రశ్న సంగతి. ఏమిటి, ఎవరు అని అడగాలంటే వాళ్ళు "ఏది, హసన్ కొన్నది?" అనే తీరులో వాక్యం కడతారు. "సె" అంటే ఆ "కొన్నది"లోని "ది" లాంటిదే అనుకోండి. ఇక్కడ గట్టి నిబంధన ఒకటుంది. పెద్దపీట మీద ఎవరుంటే వాళ్ళ గురించే అలా అడగగలరు. కొన్నవాడి గురించి అడగాలా, "సప సె మెల్లె మోటోర్?" బండి కొన్నది ఎవరు? కొన్న వస్తువు గురించి అడగాలా, క్రియ మారాల్సిందే, "అప సె ఎబెల్లి హసన్?" మీరు అప అని అడిగి మెల్లె ఉంచేశారు. అంటే ఆ "అప"నే కొన్నదాన్ని చేశారు, పాపం హసన్ సరుకైపోయాడు.

ప్రశ్నార్థకం
మాస్టారూ ఇదంతా ఎందుకు, పాసివ్ వాయిస్ అంటే సరిపోదా? "రామునిచే రావణుడు చంపబడెను." ఎ- అంటే బడు. అయిపోయె. దానికి పెద్దపీట, చిన్నపీట అంటూ కొత్త పేర్లు అవసరమా.

పాత_పంతులు
అదే కాదంటున్నాను. "రామునిచే చంపబడెను" అని మీ ఇంట్లో ఎవరైనా అంటారా? పోలీసు రిపోర్టులో, పేపర్లో, పరీక్షలో తప్ప "బడు" మనకు నోటి మీదికి రాదు. వాళ్ళకు ఎ- క్రియలు వంటింటి మాట, సంతలో మాట, కథ చెప్పేటప్పుడు వరసపెట్టి వచ్చే మాట.

రెండోది, పాసివ్ చేస్తే కర్త పక్కకు పోతాడు, చేత అనో చే అనో తోక తగిలించుకుంటేగానీ వాక్యంలోకి రాలేడు, చాలాసార్లు అసలే రాడు. మదురాలో "ఎబెల్లి హసన్" అని క్రియను ఆనుకుని కర్త ఏ తోకా లేకుండా కూర్చుంటాడు. కావాలంటే "బి' హసన్" అని చేర్చొచ్చు, తప్పనిసరి కాదు.

మూడోది నాకు ఇష్టమైనది. "ఈ పుస్తకం నేను చదివాను" అనడానికి వాళ్ళు "బుకు రెయ ఎబచ సెంకొ'" అనగలరు. సెంకొ' అంటే నేను. దీన్ని "ఈ పుస్తకము నాచేత చదవబడినది" అని తెలుగు చేస్తే మదురా మనిషిని గ్రాంథికం పండితుణ్ణి చేసినట్టు. మనం ఎలా అంటాం? "ఈ పుస్తకం నేను చదివేశా." అంతే. అందుకే 2010లో విలియం డేవిస్ రాసిన పెద్ద మదురా వ్యాకరణంలో వీటిని కర్త వాచకం, కర్మ వాచకం అనే జంటగా పెట్టాడు, ఒకటి అసలు, ఇంకోటి దాన్ని తిరగేసింది అన్నట్టు కాకుండా.

బాగన్_పిల్ల
నమస్కారమండీ, నేను మలేసియా తెలుగమ్మాయిని, పేరాక్ వైపు. మా తాతల కాలం నుంచి ఇక్కడే, నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. మలయ్ మాకు బడి భాష కాబట్టి ఒక చిన్న తేడా చెప్తాను. మలయ్‌లో కూడా ఇలాగే రెండు రకాలున్నాయి, కానీ "ఆ పుస్తకం నేను చదివా" అనాలంటే "బుకు ఇతు సయ బచ" అంటాం. నేను, నువ్వు వచ్చినప్పుడు క్రియ ముందు ఏ ముక్కా ఉండదు, సయ వచ్చి క్రియ ముందు నిలబడుతుంది. అతను, ఆమె అయితేనే "దిబచ" అని "ది-" వస్తుంది. మదురాలో నేనైనా, నువ్వైనా, అతనైనా అదే ఎ-, కర్త ఎప్పుడూ క్రియ వెనకే. ఇది చదివి నాకు కుళ్ళుగా ఉంది, మాదే కష్టం అన్నమాట.

తాటికల్లు27
బెల్లి ఎట్ల మెల్లె అయింది? బ పోయి మ వచ్చింది సరే, ఇ పోయి ఎ ఎందుకొచ్చింది? ఏదో టైపింగ్ మిస్టేక్ లెక్క ఉంది.

పాత_పంతులు
అబ్బాయీ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా.

మనం అఆలు నేర్చుకున్నప్పుడు క ఖ గ ఘ ఙ అని అరిచాం కదా. ఆ ఙ తర్వాత జన్మలో ఎక్కడైనా మాట మొదట్లో రాశావా? మదురాలో రోజూ అవసరం. కర్త వాచకం చెయ్యాలంటే ధాతువు మొదటి హల్లు తీసేసి అదే వర్గంలోని అనునాసికం పెడతారు. "పొకొల్" కొట్టడం, "మొకొల్" అవుతుంది. "తొలెస్" రాయడం, "నొలెస్". "సపొ" ఊడవడం, "ఞపొ". "కకన్" తినడం, "ఙకన్". పకు మ, తకు న, సకు ఞ, కకు ఙ. మన వర్ణమాల పట్టిక పక్కన పెట్టుకుంటే చాలు, వేరే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. కొన్ని ధాతువులకు మాత్రం ఇలా కాకుండా ముందు "అ-" వస్తుంది, "బెర్రి'" ఇవ్వడం, "అబెర్రి'" అన్నట్టు.

ఇక అచ్చు సంగతి. మదురాలో అచ్చు తన ముందున్న హల్లును బట్టి ఎత్తు మార్చుకుంటుంది. బ, ద, గ లాంటివి, భ, ధ, ఘ లాంటివి ముందుంటే అచ్చు పైకి లేస్తుంది, ప, త, క, మ, న లాంటివి ఉంటే కిందికి దిగుతుంది. బెల్లిలో బ ఉంది కాబట్టి చివర ఇ. దాన్ని మ చేసేసరికి కింది అచ్చులు కావాలి, చివరి ఇ దిగి ఎ అయింది. మధ్యలో ఉన్న ల అడ్డు పడలేదు, ఆ ప్రభావాన్ని దాటనిచ్చింది. అంటే మొదటి అక్షరం మీద చెయ్యేస్తే మాట చివరిదాకా కదిలింది. చెరువులో రాయి వేసినట్టు.

ఇంకో చిన్న సంగతి. భ అని రాసినా వాళ్ళు పలికేది మన భ కాదు, ప పలికి గట్టిగా ఊపిరి వదిలినట్టుంటుంది. త-ట, ద-డ తేడాలు మాత్రం మనలాగే స్పష్టంగా ఉన్నాయి, ఇది వాళ్ళకీ మనకీ సౌకర్యం. నేను పైన చుక్కలా పెడుతున్న ' గొంతులో గాలిని టక్కున ఆపడం. మనం నోరు తెరవకుండా "ఊహూ" అని అడ్డంగా తలూపేటప్పుడు గొంతులో పడే ఆ తాళమే.

రెల్లుపువ్వు
ఆలస్యంగా వచ్చాను. జోగ్జకార్తాలో నాలుగేళ్ళున్నాను, జావనీస్ బాగానే వచ్చు, మదురా వంటింటి స్థాయిలో వచ్చు. రెండో తప్పు నాకు వదిలెయ్యండి, ఎందుకంటే సరిగ్గా అదే తప్పు నేను జావాలో చేశాను.

సుబ్బూ, నువ్వు వాళ్ళమ్మగారితో అన్నది ఏమిటో తెలుసా? "అమ్మా, నేను ఆరగించాను." అంతే. తిరుపతి వెంకన్నకు ఆరగింపు, పవళింపు ఉంటాయి, ఆయన వేంచేస్తారు, మనం సెలవిచ్చారు అంటాం. అది ఎదుటివాళ్ళ గురించి అనాలి. నేను పవళించాను, నేను వేంచేశాను అంటే ఎవరైనా నవ్వుతారు. అఢ'అర్ అలాంటి మాట. నీ గురించి నువ్వు చెప్పుకునేటప్పుడు "నెడ్ఢ" అనాలి.

ఇప్పుడు మొత్తం బొమ్మ. మదురాలో మాట తీరులు ముఖ్యంగా మూడు. వాటి పేర్లే భలే ఉంటాయి, అవును, కాదు అనే మాటల జంటలే పేర్లు. స్నేహితులతో, చిన్నవాళ్ళతో "ఎంజ'-ఇయ", అంటే కాదు-అవును. మధ్యరకం "ఎంగ్ఘి-ఎంతెన్". పెద్దలతో, గురువులతో "ఎంగ్ఘి-భుంతెన్". పై రెంటిలోనూ అవును ఒకటే, ఎంగ్ఘి, కాదు దగ్గరే స్థాయి తెలుస్తుంది. ఒప్పుకోవడం ఎలాగైనా ఒప్పుకోవచ్చు, కాదనడంలోనే జాగ్రత్త అన్నమాట (ఇది నా వ్యాఖ్యానం, శాస్త్రం కాదు).

తినడానికి ఙకన్, నెడ్ఢ, అఢ'అర్. ఇల్లు మామూలుగా బెంకొ, మర్యాదగా చొంపొ', గొప్పవాళ్ళది ధలెం. ఇంకా సూక్ష్మం ఏంటంటే పెద్ద పెద్ద మాటలే కాదు, చిన్న ముక్కలూ మారతాయి. అప "ఏమిటి", పొనప అవుతుంది. సప "ఎవరు", పసెర. రెయ "ఇది", పనెక. బి' "తో", సరెఙ్. చివరికి "వాడి, దాని" అనే అర్థమిచ్చే తోక "-న" కూడా "-ఎపొన్" అయిపోతుంది. అయితే ప్రతి మాటకీ మూడు రూపాలు ఉంటాయని భయపడకు. చాలా మాటలు అన్ని స్థాయిల్లోనూ ఒకటే. రోజువారీ మాటలకే ఈ జంటలు, మూడు ముక్కలాటలు, అవి రోజూ వాడతాం కాబట్టే అంత భయం.

ప్రశ్నార్థకం
ఇది మాత్రం మనకీ ఉంది అక్కా. మెక్కాడు, తిన్నాడు, భోంచేశారు, ఆరగించారు. చచ్చాడు, పోయాడు, కాలం చేశారు, పరమపదించారు. అవును అనడానికి కూడా ఊఁ, ఆఁ, అవునండి, చిత్తం. మరీ అంత వింతగా చెప్పకండి.

రెల్లుపువ్వు
ఉంది, కానీ బరువు ఎక్కడ మోస్తున్నామో చూడు. తెలుగులో నువ్వు ఆరగించారు అనక్కర్లేదు, "తిన్నారు" అంటే చాలు. మర్యాదంతా ఆ "రు"లో, "అండి"లో, "మీరు"లో సరిపోతుంది. మాస్టారు చెప్పారు కదా, మదురా క్రియకు చివర మనిషిని బట్టి మారే ముక్క లేదని. మర్యాద పెట్టడానికి ఆ చోటే లేదు. అందుకే మాట మొత్తం మార్చేస్తారు. మనకు ఆరగించు అలంకారం, వాళ్ళకు అఢ'అర్ అవసరం.

ఇంకోటి, ఇక్కడ రెండు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. ఎవరితో మాట్లాడుతున్నాం అనేది ఒకటి, ఎవరి గురించి మాట్లాడుతున్నాం అనేది ఇంకోటి. "ఒరేయ్, మీ నాన్నగారు వచ్చార్రా" అంటాం చూడు. ఒరేయ్, రా స్నేహితుడికి, గారు, వచ్చారు వాళ్ళ నాన్నకి. ఒకే వాక్యంలో రెండు కొలతలు. మదురాలో అచ్చం ఇదే, స్నేహితుడితో ఎంజ'-ఇయలోనే మాట్లాడుతూ వాళ్ళ నాన్న తినడం దగ్గరికొచ్చేసరికి గౌరవం మాట పెడతారు.

తాటికల్లు27
ఇగ నేను మాట్లాడ్త. ఇందాకటి సంది జోకులేసిన గానీ ఇది జోకు కాదు. పెద్ద స్థాయిలో "నేను" అనడానికి వాళ్ళేమంటరు?

సురబాయ_సుబ్బు
స్నేహితులతో సెంకొ'. మర్యాదగా కౌల, ఇంకా పైన "భధన్ కౌల". పెసంత్రెన్‌లో, అంటే ఇస్లాం గురుకులంలో, గురువు కియాయి ముందు "అబ్ధిన" అంటారని మా వాడు చెప్పాడు. అతను చిన్నప్పుడు అక్కడే ఉండి చదివాడు.

తాటికల్లు27
కౌల అంటే?

రెల్లుపువ్వు
జావనీస్ కవుల నుంచి వచ్చింది. దాసుడు, ప్రజ, ప్రభువు కింద ఉండేవాడు. అబ్ధిన కూడా అంతే, అబ్ది అంటే సేవకుడు.

తాటికల్లు27
అనుకున్న. మా తాత గడీ ముంగట చెప్పులిప్పి చేతుల పట్టుకొని "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నోడు. బాంచ అంటే కూడా దాసే. మీరందరూ మర్యాద, సంస్కృతి, సూక్ష్మం అని మురిసిపోతున్నరు. "నేను" అనే మాటల "నీ దాసుణ్ణి" అని దాచిపెట్టినంక అది వ్యాకరణమెట్లయితది? అది దొరతనం. మా ఇండ్లల్ల నాయినను కూడా నువ్వు అనే అంటం, ప్రేమ తక్కువున్నదా? కోస్తోళ్ళు వచ్చి "మీకు మర్యాద తెల్వదు" అంటే చిన్నప్పుడు మస్తు కోపమొచ్చేది.

ప్రశ్నార్థకం
మళ్ళీ ప్రాంతాల గొడవ మొదలు. మదురా దారంలో కోస్తావాళ్ళు ఎందుకొచ్చారు?

మోడరేటర్
తాటికల్లు చెప్పింది దారానికి సంబంధం ఉన్నదే, ఉంచుతున్నాను. కానీ ఎవరి మర్యాద గొప్పదనే పోటీ వద్దు, దానికి పాత దారాలు మూడు మూసేసి ఉన్నాయి.

రెల్లుపువ్వు
తాటికల్లూ, నువ్వన్నది చాలావరకు నిజం, చరిత్ర కూడా నీవైపే ఉంది. 1624లో జావాలోని మతరాం సుల్తాన్ అగుంగ్ మదురాను జయించాడు. ఆ తర్వాత దీవి మీద జావా దర్బారు పద్ధతుల ప్రభావం బాగా పడింది. గౌరవ స్థాయి మాటలు చూడు, అఢ'అర్ జావనీస్ ఢహర్, కౌల కవుల, మర్యాదగా "నువ్వు" అనే పన్ఝెన్నెఙ్ఙన్ వాళ్ళ పంజెనెఙన్. కింది స్థాయి మాటలు మదురావి, పై స్థాయివి చాలావరకు దర్బారు నుంచి దిగినవి. సుమెనెప్‌లో రాజకోట ఉండేది, ఈనాటికీ సుమెనెప్ యాసే నాజూకైనదని మిగతా దీవి ఒప్పుకుంటుంది.

కానీ ఒక్కటి. రాజులు పోయారు, మాటలు మిగిలాయి, మిగిలిన మాటలకు పని మారింది. మదురాలో ఒక మాట తరచు వినిపిస్తుంది, "భుప్ప' భభు' ఘురు రతొ". నాన్న, అమ్మ, గురువు, రాజు, ఈ వరసలో గౌరవం. రాజు చివర్న ఉన్నాడు చూశావా. సుబ్బు స్నేహితుడు వాళ్ళమ్మతో పై స్థాయిలో మాట్లాడుతున్నప్పుడు దర్బారు గుర్తుండదు, అమ్మే ఉంటుంది. మన వైష్ణవ ఇళ్ళలో "దాసుణ్ణి" అంటే ఎవరూ బానిసత్వం అనుకోరు. అలాగని నువ్వు చెప్పిన తాతగారి చెప్పుల సంగతి అబద్ధమైపోదు. ఒకే మాట ఒకచోట ముద్దు, ఒకచోట కొరడా.

తాటికల్లు27
ఒప్పుకుంట, సగం.

బాగన్_పిల్ల
ఇప్పటి పిల్లలు ఏం చేస్తున్నారండీ? మా ఇంట్లో అయితే పిల్లలు అమ్మమ్మని నువ్వు అనాలా మీరు అనాలా అని తేల్చుకోలేక మలయ్‌లోకి దూకేస్తారు.

సురబాయ_సుబ్బు
ఇక్కడా అదే దూకుడు! మా ఆఫీసులో మదురా వాళ్ళు ముగ్గురున్నారు. ఇద్దరు ఈడువాళ్ళు, ఎంజ'-ఇయలో ఒకర్నొకరు తిట్టుకుంటూ హాయిగా ఉంటారు. మూడో ఆయన పెద్ద వయసు, ఆయన రాగానే ఇద్దరూ ఇండోనేసియన్‌లోకి మారిపోతారు. అడిగితే "ఆయనతో భుంతెన్ స్థాయిలో మాట్లాడాలి, ఒక్క మాట జారినా పెంపకం మీదికొస్తుంది, ఇండోనేసియన్ అయితే టెన్షన్ లేదు" అన్నాడు మావాడు. అంటే గౌరవం ఎక్కువైన చోటే భాష వదిలేస్తున్నారు. బళ్ళల్లో నేర్పుతున్నారు, 2014లో తూర్పు జావా గవర్నరు ఉత్తర్వుతో జావనీస్, మదురా స్థానిక పాఠ్యాంశంగా తప్పనిసరి చేశారు. కానీ పరీక్షకు నేర్చుకున్న మర్యాద అమ్మమ్మ ముందు నోరు తిరగదు కదా.

భాష చచ్చిపోతోందని అనట్లేదు. 2010 జనాభా లెక్కల్లో మదురా జాతివాళ్ళు 70 లక్షల పైనే. దీవిలోనే కాదు, ఇటు జావా ఒడ్డున ప్రొబొలింగొ, జెంబెర్, బొందొవొసొ వైపు వీధుల్లో వినిపించేది మదురానే. జకార్తాలో ఇరవైనాలుగ్గంటలూ తెరిచి ఉండే చిన్న కిరాణా కొట్లను మదురా కొట్లనే అంటారు. అర్ధరాత్రి పాలపొడి కావాలంటే వాళ్ళే దిక్కు.

మాస్టారూ, వాచకం, మర్యాద ఒక చోట కలుస్తాయన్నారు. అది చెప్పకుండా తప్పించుకుంటున్నారు.

పాత_పంతులు
తప్పించుకోలేదు, మనవరాలిని బడి నుంచి తేవడానికి వెళ్ళాను.

మీ రెండు తప్పుల్నీ పక్కపక్కన పెట్టండి. వాచకం అడిగే ప్రశ్న, జరిగిన దాంట్లో పెద్దపీట ఎవరిది? స్థాయి అడిగే ప్రశ్న, ఈ గదిలో పెద్దపీట ఎవరిది? రెండు యంత్రాలు వేరువేరుగా పనిచేస్తాయి. వాచకం ధాతువు తలకాయ మీద పనిచేస్తుంది, స్థాయి ధాతువునే మార్చేస్తుంది. కింది స్థాయిలో ఉన్న ఎ- పై స్థాయిలో కూడా అలాగే వస్తుంది. అందుకే మీరు ఒకదాంట్లో పాసై ఇంకోదాంట్లో తప్పొచ్చు. మీరు రెంట్లోనూ తప్పారు, అది వేరే విషయం.

ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర స్థాయి ఇంకా పదునెక్కుతుంది. ఈడువాళ్ళ మధ్య ఇవ్వడానికి బెర్రి'. పెద్దవాళ్ళు కిందికి ఇస్తే "పరెఙ్" అనే ధాతువు. చిన్నవాళ్ళు పైకి సమర్పిస్తే "అతొర్". మనం దేవుడికి సమర్పిస్తాం, దేవుడు అనుగ్రహిస్తాడు, అదే తేడా. ఇప్పుడు ఆ "అతొర్"కి "-ఎ" అనే తోక, ముందు కర్మ వాచకపు "ఎ-" తగిలించండి. "ఎయతొరె" వస్తుంది. అక్షరాలా విడదీస్తే "సమర్పించడమైంది" లాంటి కర్మ వాచక రూపం, చేసినవాడి ఊసే లేదు. కానీ మదురా ఇంట్లో దీని అర్థం ఏమిటి సుబ్బుగారూ? మీకు చెప్పే ఉంటారు.

సురబాయ_సుబ్బు
ఓరి దేవుడా. "ఎయతొరె" అంటే రండి, కూర్చోండి, తీసుకోండి! గుమ్మం దగ్గర అదే, కుర్చీ చూపిస్తూ అదే, పళ్ళెం ముందు పెడుతూ అదే. నేను దాన్ని "ప్లీజ్" అనుకుని బట్టీ పట్టా.

పాత_పంతులు
అదే. పెట్టేది "నేను" అనకుండా, పెట్టింది మాత్రం మీ ముందు ఉంచి తాను తప్పుకోవడం. మన "దయచేయండి" కూడా ఇలాగే అర్థం జరిగి జరిగి వచ్చినదే, దయ చూపమనడం కాస్తా లోపలికి రమ్మనడం అయింది. కాకపోతే మనం ఎదుటివారి దయను ముందుకు తెచ్చాం, వాళ్ళు తమను వెనక్కి తీసుకున్నారు.

ప్రశ్నార్థకం
ఇది బాగుంది మాస్టారూ. పాసివ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. నాచేత వెనక్కి తీసుకోబడినది.

తాటికల్లు27
😂😂 గ్రాంథికం పండితుడు దొరికిండు

సురబాయ_సుబ్బు
మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నా, దారం మూయనందుకు మోడరేటర్‌గారికి థాంక్స్.

నిన్న మళ్ళీ సుమెనెప్ వెళ్ళాం. వంతెన దిగాక ఇంకా నాలుగ్గంటల దారి, దారంతా రెండు వాక్యాలు వల్లె వేసుకుంటూనే ఉన్నా. దిగగానే తమ్ముణ్ణి చూపించి పిల్లల్ని అడిగా, "అప సె ఎబెల్లి హసన్?" పిల్లలు నిరాశపడ్డారు, ఈసారి నవ్వడానికేం లేదని. కొన్నది ఎద్దట. ఎడ్ల పందేలకి. పోయినసారి ఇంట్లో హడావుడి అంతా దాని గురించే, నేనేమో ఆరోజు బండి అనుకున్నా.

తర్వాత వాళ్ళమ్మగారొచ్చి తిన్నావా అని అడిగారు. నిజంగానే దారిలో తినేశాం, పొట్ట నిండుగా ఉంది. చేతులు కట్టుకుని, కాస్త వంగి, "కౌల అంపొన్ నెడ్ఢ" అన్నా. ఒక్క అక్షరం జారలేదు. ఆవిడ కొడుకు వైపు చూసి ఏదో అన్నారు, మెచ్చుకున్నారని అతను చెప్పాడు. ఆ తర్వాత లోపలికెళ్ళి పెసలూ ఎద్దు కాళ్ళూ వేసి కాచిన కల్దు కొకొత్ పెద్ద గిన్నెడు తెచ్చి నా ముందు పెట్టి "ఎయతొరె" అన్నారు.

తిన్నానని చెప్పిన వాక్యం తప్పు లేకుండా వచ్చింది, అర్థమైంది కూడా. పట్టించుకోలేదంతే.

రెల్లుపువ్వు
రెండోసారి అడిగినప్పుడు భుంతెన్ అన్నావా?

సురబాయ_సుబ్బు
ఎంగ్ఘి అన్నా అక్కా. మూడు గిన్నెలు.